రెండెకరాల నిమ్మగడ్డి, టన్ను పట్టే ట్యాంకు: ఒక చిన్న సుగంధ తైల యూనిట్ నాలుగేళ్ల లెక్క

"అన్నా, మా యూనిట్ నడుస్తున్నంతసేపూ చుట్టుపక్కలంతా ఒకటే ఘుమఘుమ. నూనె మాత్రం రావడం లేదు." ఫోనులో ఆ రైతు చెప్పిన మొదటి మాట ఇది. సగం జబ్బు అక్కడే తెలిసిపోయింది. స్వేదనం, అంటే ఆవిరి పట్టి నూనె తీయడం, సరిగ్గా జరిగే చోట వాసన ఉంటుంది కానీ అంత దూరం పోదు. గాలిలో తిరిగే పరిమళమంతా డబ్బాలోకి చేరకుండా పోయిన నూనె.

ఆవిరితో సుగంధ తైలం తీసే చిన్న యూనిట్లు బిగించడం, బాగుచేయడం, నడిపేవాళ్లకు పని నేర్పడం పదిహేడేళ్లుగా నా వృత్తి. చూసిన వాటిలో ఈ కేసునే రాయడానికి రెండు కారణాలున్నాయి. చిన్న రైతు ఈ వ్యాపారంలో చేయగల పొరపాట్లు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి, నాది కూడా ఒకటి ఉంది. రెండోది, ఆ రైతు భార్య మొదటి బ్యాచ్ నుంచీ ఒక నోటు పుస్తకంలో అన్నీ రాసిపెట్టారు. ఎంత గడ్డి వేశారు, ఎన్ని కట్టెలు కాలాయి, ఎంత నూనె వచ్చింది, ఆ రోజు వాన పడిందా లేదా, అన్నీ. ఇలాంటి పుస్తకం ఉన్న యూనిట్లు నాకు చాలా అరుదుగా కనిపించాయి.

పేర్లు, ఊరు రాయడం లేదు. ధరలు కూడా రాయడం లేదు. నూనె ధర ఒక ఏడాది ఉన్నట్టు మరో ఏడాది ఉండదు కాబట్టి ఖర్చులన్నిటినీ అప్పటి ధర మీద నూనె కిలోల్లోకి మార్చి లెక్క వేశాను. రైతులకు నేను చెప్పే పద్ధతి కూడా అదే. "ఈ పనికి ఎన్ని కిలోల నూనె ఖర్చవుతోంది?" అని అడిగితే జవాబు సూటిగా వస్తుంది.

వెళ్లిన రోజు

మొత్తం నాలుగెకరాలు. అందులో రెండెకరాలు వాలు నేల, పైమట్టి పలచన, వేరే పంటలు అంతంతమాత్రం. ఆ రెండెకరాల్లో నిమ్మగడ్డి పిలకలు నాటారు. ఈ ఎంపికలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నిమ్మగడ్డి దుబ్బు కట్టాక వాలులో మట్టిని పట్టి ఉంచుతుంది. నాటిన నాలుగైదు నెలలకు మొదటి కోత, ఆ తర్వాత నాలుగైదేళ్లు కోస్తూ పోవచ్చు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పే పంట కూడా ఇదే.

వాళ్ల అబ్బాయి మొదట గులాబీ వేద్దామన్నాడట, కిలో నూనె ధర చూసి. కిలో గులాబీ నూనెకు మూడు నుంచి నాలుగు టన్నుల పూరేకులు కావాలి. వాటిని తెల్లవారుజామున, ఎండ ముదరకముందే కోసి వెంటనే ట్యాంకులో వేయాలి. అంతమంది చేతులు ఏ చిన్న కుటుంబంలో ఉంటాయి? వట్టివేరు కూడా ఆలోచించారు. వేరు ముదరడానికి ఏడాదిన్నర పడుతుంది, తర్వాత తవ్వకం, కడగడం, ఒక్కో బ్యాచ్‌కు ఒక పగలూ రాత్రీ మంట. ధర ఎక్కువ పలికే నూనె దేని వెనక చూసినా ఇలాంటి శ్రమ ఏదో ఒకటి ఉంటుంది. ఈ లెక్క చూసి వాళ్లు నిమ్మగడ్డికి రావడం వాళ్ల అదృష్టం.

తేడా వచ్చింది యూనిట్ దగ్గర. అమ్మినవాళ్లు టన్ను గడ్డి పడుతుందని చెప్పిన ట్యాంకు. నేను కొలిస్తే ఒక రోజు వాడ్చిన గడ్డి 600 కిలోలకు మించి పట్టలేదు. కోసినప్పుడు అది 900 కిలోల పచ్చిగడ్డి. వాళ్ల రెండెకరాల్లో ఏడాదికి మూడు కోతలూ కలిపి 16 టన్నులు వస్తోంది, అంటే 18 బ్యాచ్‌లు. రోజుకు రెండేసి చొప్పున తీస్తే తొమ్మిది రోజుల్లో ఏడాది పని అయిపోతుంది. మిగిలిన 356 రోజులూ ఆ ఇనుమంతా రేకుల షెడ్డు కింద నిద్రపోతుంది. యూనిట్ ఖరీదు ఎంతో అడిగి నూనెలోకి మార్చాను: 420 కిలోలు. వాళ్లకు అప్పటివరకు వచ్చిన నూనె బ్యాచ్‌కు రెండు కిలోలు.

"పెద్దది తీసుకుంటే ముందు ముందు పనికొస్తుందని చెప్పారు అన్నా" అన్నాడాయన. ముందు ముందు అంటే ఎప్పుడో అమ్మినవాళ్లు చెప్పలేదు, ఈయన అడగలేదు.

ఇంకో విషయం చూసి నేను ఆ రోజు మంట పెట్టనివ్వలేదు. బాయిలర్‌కు ఒత్తిడి మించితే ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు లేదు. అది ఉండాల్సిన చోట ఒక బిరడా బిగించి ఉంది. నీటి మట్టం చూపే గాజు గొట్టం మసిబారి ఏమీ కనిపించడం లేదు. గడ్డి ముద్దయి ఆవిరి దారి మూసుకుపోతే ఆ బాయిలర్ పక్కన ఉన్నవాళ్ల గతి ఏమిటి? దిగుబడి గురించి తర్వాత మాట్లాడదాం, ముందు ఇవి తెప్పించండి అన్నాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఆమె మాత్రం, "అన్నయ్య చెప్పింది విను. ఆ మంట దగ్గర రోజంతా ఉండేది మన పిల్లవాడు" అన్నారు. వారం తర్వాత అవి వచ్చాకే మళ్లీ వెళ్లాను.

నూనె ఎటు పోయింది

నిమ్మగడ్డి నూనెలో ప్రధానమైనది సిట్రాల్. అది విడిగా మరగాలంటే సుమారు 229 డిగ్రీల వేడి కావాలి. కానీ నీటి ఆవిరితో కలిసి 100 డిగ్రీల లోపే పైకి వచ్చేస్తుంది. నీరూ నూనే ఒకదానిలో ఒకటి కలవవు కాబట్టి వాటి ఆవిరి ఒత్తిడులు ఒకదానికొకటి తోడై, రెండూ కలిపి బయటి గాలి ఒత్తిడిని అందుకుంటే చాలు, మరగడం మొదలవుతుంది. ఈ వ్యాపారం మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడి ఉంది. ఆకులోంచి నూనెను లేపడం కష్టమేమీ కాదు. లేచిన నూనెను మళ్లీ కిందికి దించి పట్టుకోవడం దగ్గరే చాలామంది నష్టపోతారు.

ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చే వీళ్ల కండెన్సర్‌కు చల్లని నీరు 2,000 లీటర్ల ట్యాంకు నుంచి వస్తోంది, వేడెక్కి మళ్లీ అదే ట్యాంకులోకి పోతోంది. ఆవిరి గంటకు 80 లీటర్ల నీరుగా మారుతోంది. ఆవిరి ఒక లీటరు నీరుగా మారేటప్పుడు వదిలే వేడిని మోసుకుపోవడానికి, చల్లని నీరు 20 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకుంటే, 27 లీటర్ల నీరు కావాలి. అంటే గంటకు 2,160 లీటర్లు. వీళ్ల ట్యాంకులో ఉన్నది ఒక గంటకు సరిపడే నీరు మాత్రమే. రెండో గంట నుంచి వేడినీళ్లతో చల్లబరుస్తున్నారు. కండెన్సర్ నుంచి కారే ధారలో థర్మామీటరు పెడితే 62 డిగ్రీలు చూపించింది. అది 35, 40 మధ్య ఉండాలి. వాళ్లు ఫోనులో చెప్పిన ఘుమఘుమ ఇక్కడి నుంచే.

కొత్త పంపు, కూలింగ్ టవర్ అంటూ ఖర్చు పెట్టించలేదు. యూనిట్‌ను కాలువ మొదలుకు జరిపించి, పొలానికి నీరు పారించే పంపునే ముందు కండెన్సర్ గుండా తిప్పించాను. నూనె తీసే రోజు పొలానికి తడి పెట్టే రోజు కూడా అయింది. గోరువెచ్చని నీరు కాలువలో కొంత దూరం పారేసరికి చల్లబడిపోతుంది. బావి అడుగంటే నెలల కోసం ఒక చిన్న గుంట తవ్వుకున్నారు.

రెండో లోపం గడ్డి నింపడంలో ఉంది. మోపులు విప్పకుండా అలాగే పడేస్తున్నారు. ఆవిరి కూడా నీటి లాంటిదే, సులువైన దారి వెతుక్కుంటుంది. రెండు మోపుల మధ్య సందు దొరికితే అక్కడి నుంచే పైకి పోతుంది, పక్కనున్న గడ్డి వెచ్చబడుతుందే తప్ప నూనె వదలదు. బ్యాచ్ అయ్యాక ట్యాంకు మధ్యలోంచి ఒక గుప్పెడు, అంచు నుంచి ఒక గుప్పెడు తీసి నలిపి చూపించాను. అంచు గడ్డి ఇంకా నిమ్మ వాసన కొడుతోంది. అప్పటి నుంచి మోపులు విప్పి, పొరలు పొరలుగా పరిచి, ఒకరు లోపలికి దిగి అంచుల వెంట ఎక్కువగా తొక్కుతున్నారు. మూత చుట్టూ రబ్బరు పట్టీ మార్చాం.

మూడోది నూనె, నీరు విడిపోయే పాత్ర. నిమ్మగడ్డి నూనె నీటి కంటే తేలిక, లీటరు బరువు 890 గ్రాముల దగ్గర ఉంటుంది, కాబట్టి పైకి తేలుతుంది. కానీ తేలడానికి దానికి వ్యవధి ఇవ్వాలి. వీళ్ల పాత్ర 20 లీటర్లది. గంటకు 80 లీటర్లు వచ్చి పడుతుంటే నీరు అందులో పావుగంటే నిలుస్తుంది. కింది గొట్టం నుంచి బయటికి పోయే నీరు పలచటి మజ్జిగలా తెల్లగా ఉంది. ఆ తెలుపంతా విడిపోని నూనె. 60 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర చేయించాం. కండెన్సర్ గొట్టాలు కూడా మామూలు ఇనుమువే. నూనె గోధుమరంగుకు తిరగడానికి ఆ తుప్పే కారణం. గొట్టాలు కూడా స్టీలువి వేయించాం. ట్యాంకును మాత్రం అలాగే ఉంచమన్నాను. అక్కడ ఉండేది గడ్డి, ఆవిరి. నూనె ద్రవంగా మారి లోహాన్ని తాకేది కండెన్సర్ నుంచే కాబట్టి డబ్బు అక్కడ పెడితే చాలు. ఈ మార్పులన్నిటికీ అయిన ఖర్చు 35 కిలోల నూనె.

పుస్తకంలో ఆ నెల పేజీలు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రెండు కిలోలు, రెండు కిలోల నూట యాభై, తర్వాత నీరు మార్చిన రోజు 2.9. గడ్డి తొక్కడం నేర్చుకున్నాక 4.1. పాత్ర మార్చాక 4.8. పచ్చిగడ్డి బరువు మీద చూస్తే 0.22 శాతం నుంచి 0.53 శాతానికి వచ్చింది. అమ్మినవాళ్లు చెప్పిన 0.8 శాతం ఒక్కసారి కూడా రాలేదు. అలాంటి అంకె ఏ ఎండాకాలంలోనో, ముదురు ఆకు తక్కువగా ఉన్న గడ్డిలో ఒకసారి రావచ్చు. దాన్ని నమ్ముకుని అప్పు తీసుకోకూడదు.

ఎప్పుడు మంట ఆపాలి

ఎంత ఎక్కువ సేపు మరిగిస్తే అంత నూనె వస్తుందని వాళ్ల నమ్మకం. ఆరు గంటలు మంట పెట్టేవారు, బ్యాచ్‌కు 250 కిలోల కట్టెలు కాలేవి. ఒక రోజు కూర్చుని అరగంటకొకసారి నూనె విడిగా తీసి తూకం వేయించాను. మొదటి అరగంటలో 1.7 కిలోలు, రెండో అరగంటలో 1.3, తర్వాత 0.8, 0.5, 0.3, 0.15. ఆ తర్వాత మిగిలిన మూడు గంటల్లో వచ్చింది మొత్తం 50 గ్రాములు. ఆమె ఆ కాగితం వైపు కాసేపు చూసి, "అంటే రోజూ సగం కట్టెలు ఊరికే కాల్చాం కదా అన్నయ్యా" అన్నారు.

రెండున్నర, మూడు గంటల మధ్య ఆపడం అలవాటైంది. అంతకంటే ముందే ఆపేద్దామా అని అబ్బాయి అడిగాడు. అలా చేస్తే కొంత నూనె పోవడమే కాదు, నూనె స్వభావం కూడా మారుతుంది. తేలికగా ఎగిరే పదార్థాలు ముందు, బరువైనవి తర్వాత వస్తాయి కాబట్టి కొనేవాళ్లకు ప్రతిసారీ ఒకే రకం నూనె ఇవ్వాలంటే ప్రతిసారీ ఒకే సమయానికి ఆపాలి.

కట్టెల ఖర్చు ఇంకా తగ్గింది పిప్పి వల్ల. నూనె తీసిన గడ్డిని ఎండబెడితే బ్యాచ్‌కు 200 కిలోలకు పైగా ఎండు పిప్పి వస్తుంది. బాగా ఎండితే తర్వాతి బ్యాచ్‌కు కావలసిన వేడిలో ఎక్కువ భాగం అదే ఇస్తుంది. కానీ గడ్డి మంట భగ్గుమని లేచి చప్పున ఆరుతుంది. పొయ్యి దగ్గర నుంచి కదలకుండా ఒక మనిషి వేస్తూనే ఉండాలి. వానాకాలంలో అది ఎండదు, తడి పిప్పి పొగ తప్ప వేడి ఇవ్వదు. రెండో ఏడాది నా మాట విని పిప్పి నిలవ చేయడానికి ఒక షెడ్డు వేశారు. ఆ యూనిట్‌లో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం ఇచ్చినది ఆ షెడ్డే అని నా అభిప్రాయం. పిప్పి అంతా పొయ్యిలోకే పోతే నేలకు ఏం మిగులుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. వాళ్లు బూడిదను మళ్లీ దుబ్బుల మొదట్లో వేస్తున్నారు, వానాకాలం పిప్పిని వరుసల మధ్య పరుస్తున్నారు.

కోత గురించి కొద్దిగా. మంచు ఆరాక కోసి, నేల నుంచి జానెడు లోపు మోడు వదిలి, నీడలో పలచగా ఒక రోజు ఆరబెట్టాలి. మూడో వంతు బరువు పోతుంది, ట్యాంకులో ఎక్కువ పడుతుంది, నూనె పోదు. కుప్ప వేస్తే మాత్రం లోపల ఉడుకెక్కి పాడవుతుంది. మొదటి ఏడాది వాళ్లు మూడేసి రోజులు కుప్పల్లో ఉంచేవారు.

ఆమె ముక్కు

మూడు నెలల నూనె కలిపి ఒక కొనుగోలుదారుకు నమూనా పంపారు. తిరస్కరించారు. నూనెలో ఏ పదార్థం ఎంత ఉందో చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ నివేదికలో సిట్రాల్ 68 శాతం. ఈ నూనె కొనేవాళ్లు 75 శాతానికి తగ్గకూడదంటారు. ఈ జాతి నిమ్మగడ్డి నూనెకు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 4718 అనే ప్రమాణం కూడా ఉంది. దాని ప్రకారం పరీక్ష చేయించి పంపమని అడిగేవాళ్లున్నారు.

నేను మొదట నిలవ మీద అనుమానపడ్డాను. అదీ కొంత నిజమే. సగం నిండిన ప్లాస్టిక్ క్యానులో, అడుగున నీటి తేమతో, కిటికీ పక్కన పెట్టారు. గాలి, వెలుతురు, తేమ మూడూ సిట్రాల్‌ను తినేస్తాయి. అప్పటి నుంచి నీరు లేని సోడియం సల్ఫేటు వేసి తేమ లాగి, వడకట్టి, అల్యూమినియం క్యానుల్లో మూతి దాకా నింపి చీకటి గదిలో పెడుతున్నారు. ప్రతి క్యాను మీద బ్యాచ్ నంబరు రాసి, ఒక చిన్న గాజు సీసాలో అదే నూనె దాచి ఉంచుతున్నారు.

అయినా నివేదికలో సిట్రొనెల్లాల్ అనే మరో వాసన పదార్థం ఎందుకు అంత కనిపిస్తోందో నాకు అంతుపట్టలేదు. నిలవ లోపం వల్ల అది పుట్టదు. నేను యంత్రాల మనిషిని, బాయిలర్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ఒక ఉదయం మోపులు కడుతూ ఆమె, "ఆ తూర్పు వైపు వరుసల గడ్డి వాసన వేరుగా ఉంటుందన్నయ్యా. నలిపితే నిమ్మకాయ కాదు, ఇంకేదో" అన్నారు. వెళ్లి నలిపి చూశాను. జావా సిట్రొనెల్లా, సిట్రొనెల్లాల్ ఎక్కువగా ఉండే మరో సుగంధ గడ్డి. చూపుకు రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. పిలకలు అమ్మినవాళ్ల దగ్గరే రెండూ కలిసిపోయాయి. రెండెకరాల్లో ఆరో వంతు అదే ఉంది. ఒక్కో దుబ్బూ నలుపుతూ గుడ్డపేలికలు కట్టుకుంటూ పోయారామె, నాలుగు రోజులు పట్టింది. ఆ దుబ్బులు పీకేసి సొంత పిలకలు నాటాక వచ్చిన మొదటి నివేదికలో సిట్రాల్ 77 శాతం. నాటేముందు ప్రతి పిలక ఆకూ నలిపి చూడమని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

తొమ్మిది వేల సీసాలు

మొదట్లో వాళ్ల ఆలోచన చిన్న చిన్న సీసాల్లో పోసి నేరుగా అమ్మడం. అలా అమ్మితే కిలోకు ఎన్నో రెట్లు ధర వస్తుందని ఎవరో చెప్పారు. అది అబద్ధం కాదు. కానీ ఏడాదికి 80 కిలోల నూనె అంటే 90 లీటర్లు, అంటే పది మిల్లీలీటర్ల సీసాలు తొమ్మిది వేలు. రోజుకు పాతిక సీసాలు, సెలవు లేకుండా. సీసా, చీటీ, పెట్టె, పంపకం, పగిలినవి, తిరిగి వచ్చినవి. అది వేరే వ్యాపారం, దానికి వేరే మనిషి కావాలి. టోకు కొనుగోలుదారులేమో డ్రమ్ములో మాట్లాడతారు. 200 లీటర్ల డ్రమ్ము అంటే సుమారు 180 కిలోలు. వీళ్ల రెండేళ్ల నూనె పోసినా ఒక్క డ్రమ్ము నిండదు. సీసాలకు ఎక్కువ, డ్రమ్ముకు తక్కువ, రెంటికీ చెడ్డ రేవడి.

మధ్యలో ఉన్నది సబ్బులు, అగరుబత్తులు చేసే చిన్న తయారీదారులు. ఐదు కిలోలు, పది కిలోలు కొంటారు, ప్రతిసారీ ఒకే వాసన కావాలంటారు, నివేదిక అడుగుతారు. అలాంటివాళ్లు నలుగురు దొరికారు. వాళ్లలో ఒకరు సరుకు యూరప్‌కు పంపుతారు. అక్కడ సిట్రాల్ అలర్జీ కలిగించే పదార్థాల జాబితాలో ఉంది కాబట్టి కడిగేసే వస్తువుల్లో 0.01 శాతం, ఒంటి మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం దాటితే చీటీ మీద దాని పేరు రాయాలి. అందుకే నూనెలో అది ఎంత ఉందో వాళ్లకు కచ్చితంగా తెలియాలి. ఈ నూనె రోగాలు నయం చేస్తుందని చీటీల మీద రాద్దామని అబ్బాయి అన్నాడు, వద్దన్నాను. చిక్కటి నూనె చర్మానికి తగిలితే మంట, దద్దుర్లు వస్తాయని ముందు రాయమన్నాను.

నూనె విడిపోయాక మిగిలే పరిమళ జలం అమ్మకం కూడా ప్రయత్నించారు. బ్యాచ్‌కు 200 లీటర్లకు పైగా వస్తుంది కాబట్టి ఆశ సహజం. రెండు వారాల్లో నాచు పట్టింది. అంతటితో ఆ ముచ్చట తీరింది.

నా పొరపాటు

ఖాళీగా ఉన్న ట్యాంకును నింపాలంటే పక్క రైతుల గడ్డి రావాలి. పద్ధతి ఇలా పెట్టించాను: గడ్డి, దాన్ని నింపి తీసే కూలీ, పొయ్యిలోకి పిప్పి వాళ్లవి, యూనిట్, నడిపే మనిషి వీళ్లవి, వచ్చిన నూనెలో నాలుగో వంతు వీళ్లకు. డబ్బు చేతులు మారదు, నూనె తూకం అందరి ముందే. మరో ఏడెకరాలు చేరాయి. మొత్తం తొమ్మిదెకరాలు, ఏడాదికి 72 టన్నులు, 80 బ్యాచ్‌లు. రోజుకు రెండు చొప్పున 40 రోజులు. ఏడాదిలో 40 రోజులంటే ఎంత సులువు! కాగితం మీద నేనే వేశాను ఆ లెక్క.

గడ్డి ఏడాది పొడవునా సమంగా పండదు. వాన వెలిశాక అందరి గడ్డీ ఒకే వారంలో కోతకు వచ్చింది. ఒక్క కోతకు 24 టన్నులు, 27 బ్యాచ్‌లు, 14 రోజులు. మధ్యలో ఐదు రోజులు మళ్లీ వాన. చివరి ఇద్దరి గడ్డి కోయాల్సిన దానికంటే మూడు వారాలు ముదిరి, కింది ఆకులు ఎండి, నూనె 0.35 శాతానికి పడిపోయింది. వంతుల గొడవ మొదలైంది. ఒకరోజు రాత్రి కూడా నడుపుదామని నేనే సలహా ఇచ్చాను. తెల్లవారుజామున అబ్బాయికి కునుకు పట్టింది, బాయిలర్‌లో నీరు అడుగుకు చేరింది. ఆమె లేచి చూడబట్టి సరిపోయింది. ఆ రాత్రి గుర్తొస్తే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. రాత్రి పని ఆ రోజుతో బంద్.

ఇద్దరు రైతులు మానుకున్నారు. వాళ్లది తప్పు కాదు. సగటు చూశాను, రద్దీ చూడలేదు. మిగిలినవాళ్లతో కూర్చుని ఒక్కొక్కరి కోతను రెండు వారాల తేడాతో జరిపాం. కొందరు ఒక కోత కొంచెం ముందే కోసి నష్టపోవలసి వచ్చింది, ఆ నష్టం వీళ్లు తమ వాటాలోంచి ఇచ్చారు.

పుస్తకంలో చివరి పేజీలు

బాగుచేసిన యూనిట్ మీద సొంత గడ్డి మాత్రమే తీస్తే లెక్క ఇలా ఉండేది. ఏడాదికి 80 కిలోలు. సాగు, కోత ఖర్చు 26 కిలోలు. నూనె తీసే ఖర్చు 18 బ్యాచ్‌లకు 0.9 చొప్పున 16 కిలోలు. మిగిలేది 38. 420 కిలోల యూనిట్ తీరడానికి పదకొండేళ్లు. ఆ లోపు గడ్డి దుబ్బులే రెండుసార్లు మార్చాలి.

రద్దీ గొడవ జరిగిన మూడో ఏడాది తొమ్మిదెకరాలూ ఉన్నాయి. పక్క రైతుల 280 కిలోల నూనెలో వీళ్ల వాటా 70, దాని మీద వీళ్ల ఖర్చు 25. సొంతదీ ఇదీ కలిపి 83 కిలోలు. అదే నిలిస్తే ఐదేళ్లు. నాలుగో ఏడాది ఇద్దరు తగ్గడంతో 71 కిలోలకు వచ్చింది. పోల్చడానికి మొదటి ఏడాది సంగతి: బ్యాచ్‌కు వచ్చింది రెండు కిలోలు, కట్టెలు, కూలీ కలిపి అయిన ఖర్చు 1.6 కిలోలు. సాగు ఖర్చు వేసుకుంటే అప్పులోనే ఉన్నారు.

ఈ అంకెలన్నీ నూనెలో వేసినవి. నూనె ధర మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. సిట్రాల్‌ను కర్మాగారాల్లో టన్నులకొద్దీ కృత్రిమంగా తయారుచేస్తున్నారు. విటమిన్ ఎ తయారీకి ఒకప్పుడు నిమ్మగడ్డి నూనె ముడిసరుకు, తర్వాత ఆ చోటును కృత్రిమ సిట్రాల్ ఆక్రమించింది. సహజ నూనె ధర ఒక స్థాయి దాటితే కొనేవాళ్లలో కొందరు అటు వెళ్లిపోతారు. అందుకే ధర పెరుగుతుందని నూనె దాచుకోమని నేను ఎవరికీ చెప్పను. దాచితే సిట్రాల్ కూడా తగ్గుతుంది.

మొన్న వెళ్లినప్పుడు దుబ్బులు చూశాను. ఐదో ఏడాదిలో పడ్డాయి, మధ్యలు చచ్చి గుండ్రంగా ఖాళీలు ఏర్పడ్డాయి, బ్యాచ్‌కు 4.1 కిలోలకు దిగింది. ఒకేసారి రెండెకరాలూ పీకి మళ్లీ నాటితే ఐదు నెలలు సొంత గడ్డి ఉండదు. ఎకరం చొప్పున మార్చమన్నాను. ఆయన పామరోజా అనే మరో సుగంధ గడ్డి ఒక అరెకరం వేసి చూద్దామంటున్నారు, అదే ట్యాంకు సరిపోతుంది కానీ మధ్యలో ఒక బ్యాచ్ ఉత్త ఆవిరితో కడగాలి, లేకపోతే వాసనలు కలుస్తాయి. ఆమె దాని గురించి ఏమీ అనలేదు. పిలకల కోసం మంచి దుబ్బులకు ఎర్ర గుడ్డపేలికలు కడుతున్నారు, ప్రతిదీ ఒకసారి నలిపి, వాసన చూసి.